వాసన చూసే పని

పంపు కొత్తది. ఫిల్టరూ కొత్తదే.
పగిలిన పాత రబ్బరు పైపు
పాము కుబుసంలా బెంచీ మీద.

"తాళం తిప్పు. ఇంజను లేపకు," అన్నాడు తవిటయ్య మేస్త్రి.
తిప్పాను.
వెనక సీటు కింద రెండు సెకన్లు
సన్నగా మూలిగి ఊరుకుంది.
మళ్ళీ. ఇంకోసారి.
గేజీ ముల్లు మూడు దాకా ఎక్కి
అక్కడే నిలబడింది.

అతుకు అతుకునీ వేలితో తడిమాడు: పొడి.
కింద పేపరు పరిచాడు: మరక లేదు.
అయినా బానెట్టు మూయడు.
"ఓరె గుంటడా, ఇలా రా.
వాసనొస్తందేటి?"

డబ్బా మూత తీయకముందే
కల్తీ పెట్రోలు పట్టేసిన ముక్కది.
కరోనా జ్వరం దిగింది గానీ
పోయిన వాసన తిరిగి రాలేదు.
పలాసలో ఈ సంగతి
నాకూ, ఆయన పెళ్ళానికీ తెలుసు.

ట్యాంకు దగ్గర్నుంచి ఇంజను దాకా
నేల మీద పాక్కుంటూ వెళ్ళాను.
"పెట్రోలు లేదు మేస్త్రీ."
"మరేటుంది?"

కాశీబుగ్గ వైపు నుంచి గాలి.
"జీడిపిక్కల పొగ. ఓ వాయి మాడినట్టుంది."

చేతిగుడ్డ భుజాన వేసుకుని
అటు తిరిగి గట్టిగా పీల్చాడు.
మళ్ళీ. ఇంకోసారి.

"సర్లే," అన్నాడు,
"ఇప్పుడు స్టార్టు సెయ్యి."