ఉప్పునీళ్ళ పిల్లలు

పదో రోజు.
ఎలుకపిల్లలు ఇంకా కళ్ళు తెరవలేదు.
పన్నెండు,
ఒలిచిన పచ్చి చెనక్కాయ గింజల్లా
అరచేతిలో గులాబీ రంగు వెచ్చదనం.
ఆరింటికి సెలెనైటు సూది,
ఆరింటికి ఉత్త ఉప్పునీళ్ళు.
ఏది ఎవరికో నా నోటుపుస్తకానికి తెలుసు.
తల్లికి తెలీదు,
అన్నిటినీ ఒకేలా నాకింది.

పదిహేనో రోజు రెప్పలు విడ్డాయి.
ఆరింటి కళ్ళలో లోకం.
ఆరింటి కళ్ళలో
లోకం రాకముందే పువ్వు.

తర్వాతి పనికి నోటుపుస్తకంలో ఒక్క మాట చాలు.

తిరుపతి ఎండాకాలం, కొండకెదురు కిటికీ.
చెంగల్రాయుడన్న మైనం దిమ్మె బిగించి
మైక్రోటోము చక్రం తిప్పుతాడు.
ఐదు మైక్రాన్ల రిబ్బను.
"ఊపిరి బిగబట్టు మే, ఎగిరిపోతాది."
ఫ్యాను ఆపేసి, చెమట కారుస్తా
ఇద్దరం ఊపిరి తీసుకోం.

సూక్ష్మదర్శిని కింద
ఉప్పునీళ్ళ పిల్ల కటకం:
కొత్త చీపురు పుల్లల్లా కణాలు వరసగా.
లోపలికి జరిగేకొద్దీ ఒక్కోటీ
తన కేంద్రకాన్నే వదిలేసి
వెలుతురుకు తోవ ఇచ్చింది.
కనిపించడమంటే ఇంతేనేమో,
మధ్యలో ఎవరూ నిలబడకపోవడం.

సెలెనైటు పిల్లలో
పుల్లలు ఉబ్బి, వంగి, చిట్లి,
నడుమ నీటిబుడగలు.
పోవాల్సిన కేంద్రకాలు పోలేక
నీలం రంగు పట్టి, ముక్కలై,
ఆఖరి బస్సు తప్పినవాళ్ళలా అక్కడక్కడా.

గైడు అడిగింది పట్టిక.
ఒక ప్లస్సు, రెండు ప్లస్సులు, మూడు.
వేశాను.

ఇంకో ఈతప్పుడు, ఒక సాయంత్రం,
ఉప్పునీళ్ళ పిల్లది తాజా కటకం
పేపరు ముక్క మీద పెట్టాను.
ఆవగింజకి అన్నలాంటిది.
'చిత్తూరు'లో 'త్తూ' ఒక్కటే పెద్దదై లేచింది.
"చూడన్నా!"
వంగి, తల అటు తిప్పి, ఇటు తిప్పి,
అద్దాలు పంచెతో తుడిచి
"యాడ మే?" అన్నాడు.

టేబుల్ లైటు అతని ఎడమ కంట్లో పడింది.
పాపలో పాలచుక్కంత.
ముప్పయ్యేళ్ళుగా నేను చూసిందంతా
ఆ చేతులు కోసిచ్చినదే.

ఎన్నాళ్ళుగా అన్నా?

"నాకెవురు పొడిచినారో సూది,
పుస్తకంలో రాసిపెట్టలేదు గదా" అని నవ్వి,
పన్నెండో దిమ్మెను వేళ్ళతో తడిమి
అంచు ఎటుందో కనుక్కుని
చక్రానికి బిగించాడు.