నీలం డ్రమ్ము

ఐసు కంపెనీ వాడు పారేసిన నీలం డ్రమ్ము,
మూతకి ఇనప పట్టీ.
ముప్పై రూపాయలన్నాడు.
నాలుగు కానాగంతలిచ్చి తెచ్చాను.
బూడిదేసి మూడుసార్లు తోమినా
లోపల ఇంకా చేపల వాసనే.
పోనీ, మాదీ అదే వాసన.

ఆశ్వయుజం సగం దాటింది.
ఆర్జిపల్లి ఒడ్డున పడవలన్నీ పైకి లాగేశారు.
ఆటోకి కట్టిన మైకు
ఒడియాలో అరుచుకుంటూ పోతోంది.
మా బూరమ్మత్తకి ఒడియా సంత బేరం వరకే.
"ఏటంతన్నాడే?" అంది.
"మూడు రోజులుందట" అన్నాను.
నిజానికి రెండన్నాడు.
ఆ ఒక్క రోజూ నా భయానికి దాచుకున్నాను.

అడుగున అటుకులు, బెల్లం, చింపిన చీరముక్కలో ఉప్పు.
అగ్గిపెట్టెకి కొవ్వొత్తి కరిగించి పూశాను.
పుల్ల వెలుగుతుందో లేదో చూస్తానని
మా గుంటడు దండాసి మూడు పుల్లలు తగలేశాడు.
మావకి బీపీ మాత్రలు,
కళ్ళజోడు జారకుండా పురికొస.
టార్చి ఒకచోట, బ్యాటరీలు ఒకచోట.
లోపలే ఉంచితే కక్కుతాయని పైలిన్ ఏడు నేర్పింది.

జాబితా దండాసే రాశాడు,
మాట ఇంటిది, అక్షరం బడిది.
మన తెలుగుని ఒడియా గుండ్రాల్లో చుట్టాడు.
నెలగుడ్డలు అని చెప్పగానే పెన్ను ఆపి
"అదెందుకు రాయడం, నువ్వే గుర్తుంచుకో" అన్నాడు.
రాయించాను.
నేను చదవలేను ఆ కాగితాన్ని.
చీకట్లో ఎలాగూ ఎవరూ చదవలేరు.

కార్డులన్నీ రెండు పాలిథిన్ సంచుల్లో.
నా పేరు మైనమ్మ.
రేషను గుమాస్తా రాసింది మీనమా.
ఇప్పుడా తప్పు పేరుకే తడి తగలకూడదు.
రేపు నేను లేకపోయినా
ఆఫీసులో బతికుండేది ఆవిడే.

ఆఖరికి మిగిలింది అప్పుల పుస్తకం.
గంప దించిన ప్రతి గుమ్మం అందులో ఉంది.
చివరి పేజీ మాత్రం తిరగేసి రాసుకున్నాను:
సావుకారుకి నేను, పదకొండు వేలు.

పైలిన్‌లో పాత పుస్తకం పోయింది.
ఇసకలో మా గోడ ఎక్కడుండేదో వెతుక్కుంటుంటే
పనసమ్మ వచ్చి నిలబడింది.
"నీకు అరవై ఇవ్వాలి గదా" అంది.
నా లెక్కలో తొంభై.
సరే అన్నాను.
ఇన్నేళ్ళయింది, ఆ ముప్పై మాట నేనెత్తలేదు, తనెత్తలేదు.
కానీ ఏటా మొదటి కోనెం పడగానే
తలకాయ మా ఇంటికి పంపుతుంది.
ఎందుకమ్మా అని అడగను.
పులుసు పెడతాను.

పుస్తకం డ్రమ్ములో పెట్టాను. తీశాను.
గాలికి వదిలేస్తే ఎంతమంది తేలికవుతారో అనుకున్నాను.
అంతలో గుర్తొచ్చింది,
సావుకారు పుస్తకం మేడ మీద ఇనప బీరువాలో ఉంది.
ఏ గాలీ అంత ఎత్తు ఎక్కదు.
మళ్ళీ పెట్టాను.

వేలెడంత ఎత్తు తేలి మూత పడనంది.
ఏదో ఒకటి తియ్యాలి.
ఎవరూ ఏదీ తియ్యనివ్వలేదు.
అత్త చీర దోపుకుని మూతెక్కి కూర్చుంది.
పట్టీ టక్కున బిగిసింది.

అప్పుడే కరెంటు పోయింది.
గదిలో మూల, నేల మీద
ఏదో వెలుగు, సముద్రం అడుగున దీపం పెట్టినట్టు.
డ్రమ్ము.
దండాసి గొంతు చిన్నగా వచ్చింది:
"బ్యాటరీలేసి చూశానమ్మా.
ఆపడం మర్చిపోయాను."

అంత కష్టపడి బిగించింది మళ్ళీ విప్పాలి.
వాణ్ణి తిడదామని నోరు తెరిచాను.
"ఉండే" అంది అత్త, దాని మీంచి దిగుతూ,
"ఒక్క చిటికె చూడనీ."