పద్నాలుగు విభక్తులు

నది అవతల రష్యా. ఇవతల నార్వాలో ఒక బాలబడి వంటిల్లు.
బూట్లకి మంచు, చంకలో ఫైలు,
భాషా తనిఖీకి వచ్చాను.

జినాయిదా ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ జావ కాస్తోంది.
మా ఎస్తోనియన్‌కి పద్నాలుగు విభక్తులు,
ఆమె నాలుగింటితో నెట్టుకొస్తోంది.
"గిన్నె ఎక్కడుంది?"
"గిన్నె... బల్ల" అంది,
'మీద' అనడానికి బదులు
అరచేత్తో బల్లను తట్టింది.
తప్పు, అని రాసుకున్నాను.

సైబీరియా పోయే రైలుపెట్టెలో
మా అమ్మమ్మ, మా మాటల్లో ఏడుస్తున్న పసిదాని నోరు మూసింది.
ఆ పసిది మా అమ్మ.
ఇప్పటికీ పాడమంటే పెదవులే కదుపుతుంది.
పదకొండు లక్షల నోళ్లు, అంతే మేం.
ఎవరి నోరూ ఎవరూ నొక్కకూడదని
సభల్లో చెప్పినదాన్నే నేను.
ఆ మాటను ఈ ఫారంలో
ఎన్నో గడిలో రాయాలి?

బుగ్గన జావతో ఒక బుడతడు దూరి
"బల్ల మీద, బాబుష్కా!" అని దిద్దాడు.
నవ్వి, వాడి వెనకే పలికింది.

తర్వాత నా ముందొక గిన్నె పెట్టి
తినేవాళ్లకి మేమనే మాట అంది:
నీ రొట్టె తరక్కుండుగాక.
ఆ రొట్టెకి తగిలే విభక్తి
పరాయివాళ్లకి కొరుకుడుపడదు.
ఒక్క అక్షరం తడబడలేదు.

జరిమానా అంకె వేసి సంతకం పెట్టాను.
జావ తాగాను.
ఇంకా వేడిగానే ఉంది.