ఏటవాలు

అక్టోబరు రాగానే
షువైఖ్ షెడ్లకు ఎడారి పిచ్చి పడుతుంది.
గుడారాల గుంజలు, జనరేటర్లు, చిల్లుపడ్డ నీళ్ళ ట్యాంకులు
అన్నీ రేపటికే బాగవ్వాలంటాయి.

బూ మిషారీ బండి అప్పుడే వచ్చింది.
ముప్పయ్యైదేళ్ళ మోటర్‌హోమ్.
తలుపు తీస్తే యాలకుల కాఫీ, దుమ్ము, ఈకల వాసన.
ఫ్రిజ్‌లో పిట్టమాంసం కుళ్ళిందట.
"నేను పస్తుంటా గానీ అది ఉండదు" అని
ముసుగేసుకుని కొయ్య మీద కూచున్న డేగను చూపించాడు.

ఈ జాతి ఫ్రిజ్‌కి మోటారుండదు.
వెనక చిన్న మంట. ఆ సెగకి అమ్మోనియా
గొట్టాల్లో పైకెక్కి, చల్లారి, కిందికి జారి
పోతూ పోతూ లోపలి వేడిని ఎత్తుకుపోతుంది.
నిప్పు పెడితే మంచు పుడుతుందని
మా ఓబులవారిపల్లెలో చెబితే
ఎండదెబ్బ తగిలిందేమో చూడమంటారు నన్ను.

బయటి జాలీ విప్పాను.
కందిరీగ గూడు, ఇసుక, ఒక ఖర్జూరపు గింజ.
మంట నీలంగానే ఉంది.
బాయిలర్ దగ్గర చెయ్యి చుర్రుమంది.
లోపలి రెక్కలు మాత్రం గోరువెచ్చగా,
జ్వరం దిగుతున్న పిల్లాడి అరిపాదాల్లా.
గ్యాసుతో చూశా, కరెంటుతో చూశా, బ్యాటరీతో చూశా.
పసుపు మరక లేదు. ఘాటు వాసన లేదు.
అయినా చెప్పేశా:
"ఖలాస్ బాబా, ప్రాణం పోయింది."
ఇరవై రెండేళ్ళుగా అదే మాట చెబుతున్న నోరు,
తడబడదు.

కొత్తది కంప్రెసరుది. నూట తొంభై దినార్లు.
పాతదేమో తలుపు కంటే రెండు వేళ్ళు వెడల్పు.
దాన్ని నిలబెట్టి చుట్టూ బండి కట్టారు కాబోలు!
షఫీకుల్, నేను కిటికీ చట్రం ఊడదీసి
ఇద్దరు మంత్రసానుల్లా తిట్టుకుంటూ లాగాం.
గ్యాసు గొట్టానికి బిరడా బిగించా.
పొగగూటికి రేకు మూశా.
బ్యాటరీ నుంచి చిటికెన వేలంత లావు తీగ లాగా.
కొత్తది గుర్రుమని మేలుకుంది.
ముసుగులోంచే డేగ తల తిప్పింది.

పాతదాన్ని షెడ్డు వెనక గోడవారకి తోసేశాం.
తలకిందులుగా పడింది. ఎవరం తిప్పలేదు.

అయిదో రోజు, శుక్రవారం,
చొక్కాలు ఆరేస్తుంటే కళ్ళబడింది.
ఏం తోచిందో, నిలబెట్టా.
ఒక పూట అట్లాగే వదిలేసి
మట్టగోలులో బుడగ నడిమికొచ్చేదాకా
కింద అట్టముక్కలు దోపి, ప్లగ్గు పెట్టా.

తెల్లారి గిన్నెలో నీళ్ళు గాజయ్యాయి.

అప్పుడు గుర్తొచ్చింది,
ఆ బండిలో బల్ల మీది కాఫీ మరక.
కప్పు అడుగున బయల్దేరి
తలుపు వైపే పారి, అంచు దగ్గర ఎండిపోయిన గీత.
అంటే పోయిన చలికాలమంతా
బండిని ఇసుకదిబ్బ వాలున నిలబెట్టాడు.
వాలుంటే వీటికి లోపల పారుదల ఉండదు,
మలుపుల్లో గడ్డకట్టి కూచుంటుంది.
తిరగేస్తే ఒక్కోసారి వదులుతుంది.
నాకు తెలుసు. పని నేర్పిన త్రిశూరు ముసలాయన
మొదటి రోజే చెప్పాడు:
చెయ్యి పెట్టేముందు నోరు తెరువు,
ఎక్కడ నిలిపావని అడుగు.

అడగలేదు నేను.

రూములో ఆరుగురం. దీనికి చోటుంది.
నరసింహులు చల్లటి మజ్జిగ తాగి
మూతి తుడుచుకుంటూ "ఎక్కడిది?" అన్నాడు.
"పారేసింది" అన్నాను.
అబద్ధమేం కాదు.
నూట తొంభై, పైన నా కూలి ఇరవై అయిదు,
అవీ అబద్ధం కాదు.

బూ మిషారీ ఈపాటికి సాల్మీ దారిలో
గుడారం వేసుంటాడు.
ఫోను ఒక చేతిలో. పేరు తెర మీదికొచ్చి ఉంది.
రెండో చేతిలో మంచుగడ్డ.
మణికట్టు దాటి నీరు
మోచేతి వైపు కారుతోంది,
ఏటవాలుగా.