కుర్చీతో వచ్చిన మనిషి

లాండిసుల్‌లో వాన.
ఎలునెద్ నా వడ్రంగి కొట్టులోకొచ్చింది,
చంకలో వంటింటి కుర్చీ,
సంచిలో సగం కుట్టిన బొంత.
"దీంట్లో కూర్చునే కదా కుట్టేది!"

పద్దెనిమిది అంగుళాల గుండ్రటి చట్రం భుజాన్ని లాగింది.
పన్నెండుదైతే
నాలుగు కుట్లకోసారి విప్పి బిగించాలట.
కాళ్ళున్న పెద్ద ఫ్రేము వైపు చూడనేలేదు.
అలాంటిదాని కింద పడుకుని
అమ్మ పాదాలు చూస్తూ పెరిగిందట;
గది మొత్తం మింగేదట అది.

పద్నాలుగు. బీచ్ చెక్క.
ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.
మర ఇంకాస్త తిప్పబోతే
నా వేళ్ళ మీద చిన్న దెబ్బ:
"వదులుండాలి నాయనా,
సూది మునిగి తేలొద్దూ?"

అరచేయి ఆనించింది.
బొంత మెల్లగా కుంగింది,
నిద్రపోయే పిల్లాడి పొట్టలా.

డబ్బిచ్చి వెళ్ళింది.
కుర్చీ ఇక్కడే మరిచింది.