మూడు వేళ్ళ కొమ్మ

చిలక్కి చెప్పినట్టు చెప్పాను అంటారే,
ఒకసారి చిలక్కే చెప్పి చూడండి.

నాలుగు నెలలు చెప్పాను నేను
"బోం దియా" అని, పొద్దున్నే, కాఫీకి ముందు.
అది ఒక కన్ను నా మీద వేసి
రెండో కన్నుతో కిటికీలోని సముద్రాన్ని చూసుకుంటూ
దగ్గింది.

బెల్మీరు దగ్గు.
ఈ మతోజీన్యుష్ రేవు వీధిలో
పంతొమ్మిదేళ్ళు గోడకవతల విన్న దగ్గు:
రెండు పొడివి, ఒకటి తడిది,
చివర కుర్చీ జరిపిన చప్పుడు.
మనిషిని మార్చిలో పూడ్చి వచ్చాం.
దగ్గు మాత్రం ఇత్తడి పంజరంలో మా ఇంటికొచ్చింది,
ఒళ్ళంతా బూడిద, తోక ఒక్కటే ఎర్రగా,
ఆర్పడం మరిచిన సిగరెట్టులా.

"నెల రోజులే, దోన ఇడలీనా" అన్నాడు అతని అన్న కొడుకు.
దానితోపాటు తోలు చేతితొడుగులిచ్చాడు.
వాటిని చూసి పక్షి మూలకి ఒత్తుకుపోయి
ఈకలన్నీ ఒంటికి బిగించుకుని
సన్నటి కర్రముక్కైపోయింది.
ఇక అడగాల్సిందేమీ లేదు.
తొడుగులు చెత్తబుట్టలో వేశాను.

మొదటి వారం ఏమీ చెయ్యలేదు.
పంజరం పక్కన కూర్చుని బటానీలు ఒలిచాను.
అది నన్ను చూడ్డం మానేసేదాకా ఒలిచాను,
మళ్ళీ మొదలుపెట్టేదాకా ఒలిచాను.
రెండో వారం కమ్మీల సందున ఒక బాదంపలుకు.
తీసుకుంది. నా మొహంలోకి చూస్తూ కింద పారేసింది.
వంగి తీసిచ్చాను. పారేసింది.
తీసిచ్చాను.
ఇది ఆట అని తెలియడానికి నాకు మూడు రోజులు పట్టింది.
ఎవరు ఎవరికి నేర్పుతున్నారో
లెక్క అక్కడే తప్పింది.

తలుపు తీసిన రోజు కుడిచెయ్యి చాచాను,
అయిదు వేళ్ళూ ఉన్నది, మర్యాద తెలిసినది,
పెళ్ళిళ్ళలో నలుగురికీ అందించేది.
బొటనవేలి మొదట్లో
ఎముకని పలకరించేలా కొరికింది.
నేను అరవలేదు.
చేపల డబ్బాల కంపెనీలో ముప్పై యేళ్ళు చేసినదాన్ని,
నెత్తురుకి కంగారు పడను.
గుడ్డ కోసం ఎడమచెయ్యి ఎత్తాను.

ఆ చెయ్యి నేనెవరికీ ఇవ్వను.
దాని చిటికెనవేలూ ఉంగరపువేలూ
డెబ్బై ఎనిమిదిలో మూతలు బిగించే మిషను తీసుకుంది.
ఫోటోల్లో అది జేబులో ఉంటుంది,
చర్చిలో రెండోదాని కింద.
పక్షి తల వాల్చి చూసింది,
నరికేసిన కొమ్మ మొదలుని చూసినట్టు.
నిలుస్తుందా లేదా అని ముక్కుతో తట్టింది.
ఎక్కింది.
ముందు ఒక కాలు.
చాలాసేపటికి రెండోది.

నాలుగు సార్డీన్ డబ్బాల బరువు.
నాకు తూకాలు డబ్బాల్లోనే తెలుసు.
ఈ వెచ్చదనం మాత్రం ఏ డబ్బాకీ లేదు.

"బోం దియా" ఇప్పటికీ రాలేదు.
వచ్చింది వేరే.
ఒక సాయంత్రం మోకాళ్ళ మీద చేతులానించి
లేవబోతున్నాను,
అల్మారా మీంచి వినిపించింది, "హుఁ... అమ్మయ్య..."
చివర కొంచెం తెగిన పాత నిట్టూర్పు.
ఎవరిది అనుకున్నాను.
రెండో రోజు తెలిసింది.
నేను నేర్పిన మాట వదిలేసి
నేను వినని నా మాట ఏరుకుంది.

ఇప్పుడది నిట్టూరిస్తేనే లేస్తున్నాను.
బాగా తర్ఫీదైన ముసలిదాన్ని.
రాత్రిళ్ళు గుడ్డ కింద బెల్మీరు దగ్గుతాడు,
"నీళ్ళు తాగవయ్యా" అంటాను,
గోడ ఉన్న రోజుల్లో ఒక్కసారీ అనలేదు.

ఈ జాతి అరవై యేళ్ళు బతుకుతుందట.
నా తర్వాత ఏ ఇంట్లోనో,
ఏ పిల్ల భుజం మీదో కూర్చుని
ముందు అతను దగ్గుతాడు,
తర్వాత నేను మోకాళ్ళు పట్టుకుని లేస్తాను.
ఆ పిల్ల నవ్వుతుంది కాబోలు.
నవ్వనీ.
బాదంపలుకులు ఎక్కడ ఉంటాయో ఆ పిల్లకి చెప్పాలి,
కింద పారేస్తే వంగి తియ్యమని కూడా.