సున్నా చూడండి

"నార్మలా, పవరా మేడమ్?"
హనుమంతవాక బంకులో నూకరత్నం
ప్రతి శనివారం అదే ప్రశ్న,
టోపీ కింద చెమట మోచేత్తో తుడుచుకుంటూ.
వెనకాల ఆటో హారన్.
కారు కొని మూడు నెలలైంది.
నాకింకా సమాధానం రాలేదు.

లీటరుకి ఎనిమిది రూపాయలు తేడా.
డాబాగార్డెన్స్ బ్రాంచిలో క్యాషు లెక్కపెట్టేదాన్ని,
ఎనిమిది రూపాయలంటే నాకు ఎనిమిది రూపాయలే.
ముప్పై లీటర్లకి రెండువందల నలభై.
వంజరం రాదు గానీ
కానాగంతలు వస్తాయి, ఇంటిల్లిపాదికీ.

"కొత్త బండి వదినా, పసిపిల్లకి పోతపాలు పడతామా?"
అన్నాడు మరిది.
షోరూం కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు,
ఆ నవ్వుకి రెండర్థాలు.
అల్లిపురం మెకానిక్కు సత్తార్ బానెట్ ఎత్తకుండానే
"పెట్రోలు మూత తిప్పి చూడమ్మా" అన్నాడు.
లోపలి వైపు, చీమతలకాయంత అంకెల్లో,
తొంభై ఒకటి చాలని
బండే రాసి పెట్టుకుంది.
ఇంతమందిని అడిగాను,
దాన్నొక్కదాన్నీ అడగలేదు.

ఓ రాత్రి కరెంటు పోతే మేడ మీదికెక్కాం.
మల్కాపురం వైపు ఆకాశానికి పసుపు మరక, రిఫైనరీ మంట.
పక్క ఫ్లాటు లోకనాథం గారు
ఆ మంట కింద ల్యాబులో ముప్పై ఒక్కేళ్ళు చేశారు.
ఒంటి సిలిండరు ఇంజనుకి పెట్రోలు పోసి
అదెక్కడ దగ్గుతుందో వినడం ఆయన ఉద్యోగం.
"పవర్ అని పేరు పెట్టారు గానీ
అది బలం కాదమ్మా.
కింద నుంచి పిస్టన్ నొక్కుకొస్తుంది, పైన చోటుండదు,
వేడెక్కిపోతుంది.
అప్పుడు కూడా రవ్వ పడేదాకా ఆగుతుందా లేదా,
ఆ ఆగడానికే అంకె.
ఆగలేనిది ముందే అంటుకుని
లోపల టకటక కొడుతుంది. అంతే."

అంతే అన్నారు గానీ
నాకా రాత్రి నిద్ర పట్టలేదు.
ఒకటో తారీకు, పెన్షన్ల వరస, సర్వర్ కదలదు.
అద్దం కంతలోంచి ఒకాయన
"మీకు జీతాలెందుకు" అంటాడు.
"రెండు నిమిషాలు సార్" అంటాను.
ఇంటికొచ్చి
గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి
పిల్ల మీద అంటుకుంటాను.
నాదెంత? ఎనభై ఏడా?
ఏ మూత వెనక రాసుంటుంది?

"ఇప్పటి బళ్ళకి భయం లేదులెండి"
మెట్లు దిగుతూ అన్నారాయన.
"ఇంజనుకి చిన్న చెవి పెట్టారు.
టకటక వినపడగానే రవ్వని
వెంట్రుకవాసి వెనక్కి జరుపుకుంటుంది."

సరే, క్యాషియర్ని కదా, డైరీ తీశాను.
ఒక నెల నార్మల్, ఒక నెల పవర్.
పదహారు పాయింటు రెండు.
పదహారు పాయింటు మూడు.
సింహాచలం ఘాట్ ఒక్కటే వేరు:
నడివేసవి, ఏసీ, ఇద్దరు ఆడపడుచులు,
అయినా మలుపు మీద మలుపు
పాట పాడుకుంటున్నట్టు ఎక్కేసింది.
"అదీ పవరంటే" అని నేనే అన్నాను, గట్టిగా.

నూకరత్నానికి చెబితే నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది.
"ఆ శనివారం పవర్ లోడు రాలేదు కదమ్మా,
నార్మలే కొట్టినాను.
సెప్పినాను కూడా, మీరు ఫోన్లో ఉన్నారు."
బిల్లు డాష్‌బోర్డులోనే ఉంది.
చూసుకోలేదు.
నోటు నోటుకీ వేలు తడిపేదాన్ని.

ఇవాళ నా ముందొక పెద్ద బండి.
అద్దం దించి, మీటరు దూకిందని, దొంగలని,
ఓనర్ని పిలవమని.
ఆమె చేతిలో గన్ను, ఎండలో నేల మీద పెట్రోలు ఆవిరి వణుకు.
"సున్నా సూపించినాను సార్" అంది.
మళ్ళీ అదే అంది, అదే గొంతుతో.
బండి వెళ్ళాక
ఒక్కసారి ఊపిరి వదిలి, టోపీ సర్దుకుని,

"నార్మలా, పవరా మేడమ్?"
"నార్మలే."
"సున్నా సూడండి."

ఈసారి చూశాను.
వరసగా సున్నాలు, ఎర్రగా, నిలకడగా.
కాసేపలా ఉంటే బాగుండునని అనుకునేలోపు
అంకె కదిలింది.